గంజాయి చట్టం మెతకదన్న మాట అబద్ధం

హిందూపురం మార్కెట్ యార్డులో అడగండి. పెనుకొండ దగ్గర హైవే పక్క హోటల్లో అడగండి. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న నేతగాణ్ని అడగండి. గంజాయి మాట ఎత్తితే జవాబు ఒక్కటే వస్తుంది: "మన చట్టం మెతక సామీ! సింగపూర్‌లో అయితే ఉరి. సౌదీలో అయితే తలకాయ ఉండదు. ఇక్కడ పొద్దున పట్టుకుంటే సాయంత్రానికి బెయిలు." పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టర్లదీ ఇదే మాట. మైకు ముందు నిలబడే నాయకులదీ ఇదే మాట. ఇంతమందిలో చట్టం పుస్తకం తెరిచి చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడా? చూసి ఉంటే ఆ మాట నోటి నుంచి వచ్చేదే కాదు.

వాళ్లు తెరవని పుస్తకం మనమే తెరుద్దాం. తీర్పు పాఠకులే చెప్పాలి. అందరూ ఎన్‌డీపీఎస్ అని పిలిచే మాదకద్రవ్యాల చట్టం 1985 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. ఈనాడున్న రూపంలో గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు కఠిన కారాగారం, లక్షకు తగ్గని జరిమానా. 'కనీసం' అన్న మాట గమనించండి. ముద్దాయి ఎంత పేదవాడైనా, అది మొదటి తప్పైనా, ఆ పదేళ్లలో ఒక్క రోజు తగ్గించే అధికారం జడ్జికి లేదు. బెయిలు ఇవ్వాలంటే 37వ సెక్షన్ ప్రకారం, ఇతను నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం ఉందని జడ్జి ముందే తృప్తి పడాలి. హత్య కేసులో కూడా జడ్జి చేతికి ఇలాంటి సంకెల లేదు. సరుకు దొరికాక, నాకు తెలియదని నిరూపించుకునే భారం నిందితుడిదే. చార్జిషీటుకు పోలీసులకు 180 రోజుల గడువు ఉంది, కోర్టు ఒప్పుకుంటే ఏడాది. ఒకసారి శిక్షపడినవాడు మళ్లీ హెరాయిన్ లాంటివాటితో పెద్ద మొత్తంలో దొరికితే మరణశిక్ష వేయడానికి 31ఎ సెక్షన్ ఉంది. ఇవన్నీ చాలవన్నట్టు, విచారణ లేకుండానే ఏడాది పాటు లోపల వేయడానికి 1986 నాటి పీడీ చట్టం ఉంది. ఇదా మెతక చట్టం?

మరి సాయంత్రం బెయిలు మాట ఎక్కడ పుట్టింది? జేబులో నాలుగు పొట్లాలతో దొరికిన కుర్రాడి దగ్గర పుట్టింది. కిలో లోపు గంజాయికి శిక్ష ఏడాది మించదు, అందుకే బెయిలు సులువు. మన వీధిలో మన కంటికి కనిపించేవాడు వాడొక్కడే. 40 కిలోల బ్యాగుతో రైల్లో దొరికి, విచారణ మొదలవకుండానే మూడేళ్లు జైల్లో మగ్గేవాడు మన వీధివాడు కాదు కాబట్టి మన లెక్కలోకి రాడు. కనిపించిన ఒక్కణ్ని చూసి చట్టమంతా ఇంతేనని తేల్చేయడం ఏం న్యాయం?

శిక్ష పెంచితే నేరం తగ్గుతుందనేవాళ్లకు మన దేశమే పెట్టి చూపిన పరీక్ష ఒకటుంది. 1985కు ముందు ఇదే నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, రెండోసారి చేస్తే నాలుగేళ్లు. 1985 చట్టం గంజాయికి దాన్ని అయిదేళ్లు చేసింది. 2001 సవరణతో పెద్ద మొత్తానికి అది ఇరవై ఏళ్లకు పెరిగింది. భయపడి గంజాయి ఆగిందా? చట్టం వచ్చిన 36 ఏళ్లకు, 2021 చివర్లో, ఆంధ్ర పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో ఏజెన్సీ కొండలెక్కి ఏడు వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరకాల్సి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. మనిషికి 20 కిలోల లెక్కన పది వేల మంది మోసే సరుకది. మూడేళ్ల శిక్షకు ఆగనిది ఇరవై ఏళ్ల శిక్షకూ ఆగలేదు. ఉరికి మాత్రం ఆగుతుందని ఎవరు చెప్పారు?

ఆ సరుకు మన దాకా ఎందుకొస్తోందో మ్యాపు చూస్తే తెలుస్తుంది. పండేది ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో. అమ్ముడుపోయే పెద్ద బజార్లలో ఒకటి బెంగళూరు. భువనేశ్వర్ నుంచి విశాఖ మీదుగా బెంగళూరు పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ధర్మవరం, హిందూపురం దాటే పోవాలి. 44వ నంబరు జాతీయ రహదారి పెనుకొండ పక్కనుంచి కొడికొండ చెక్‌పోస్టు దాటి కర్ణాటకలో దిగుతుంది. ఈ వ్యాపారానికి మన మూడు ఊళ్లు పుట్టిల్లూ కావు, మెట్టినిల్లూ కావు. నడిదారి. నడిదారిలో దొరికేది ఎప్పుడూ మోసేవాడే. పండించినవాడు వెనక కొండల్లో, కొన్నవాడు ముందు నగరంలో, పెట్టుబడి పెట్టినవాడు ఇంకెక్కడో ఉంటారు. ఈ సంగతి మనసులో పెట్టుకుని సింగపూర్ మాటకొద్దాం.

సింగపూర్ చట్టం 1973 నాటిది. 15 గ్రాములు మించిన హెరాయిన్‌కు, 500 గ్రాములు మించిన గంజాయికి ఉరి. 2023 ఏప్రిల్‌లో అక్కడ ఒక తమిళుణ్ని ఉరితీశారు. కేసు కిలోకు కాస్త పైన గంజాయి రవాణాకు సంబంధించినది. సరుకు అతని చేతిలో దొరకలేదు. ఫోన్ నంబర్ల ఆధారంగా కుట్రలో భాగస్వామి అని తేల్చారు. ఇదే తూకం మన చట్టంలో చిన్న మొత్తం గీతను ఓ పద్దెనిమిది గ్రాములు దాటుతుంది, అంతే. కనీస శిక్ష అంటూ కూడా ఉండదు, ఎన్నాళ్లన్నది జడ్జి విచక్షణ. ఒకే తూకానికి ఒక దేశంలో జైలు, ఇంకో దేశంలో ప్రాణం. తలకాయ తీయాలని సులువుగా అనేవాళ్లు ఆ తల ఎవరిదో ఒక్కసారైనా ఆలోచించారా?

అయినా సింగపూర్‌లో మత్తు తక్కువే కదా అంటారు. తక్కువే. దాచడం దేనికి? కానీ అది ఉరితాడు ఘనతేనని ఎలా తేల్చారు? ఆ దేశమంతా కలిపి మన శ్రీ సత్యసాయి జిల్లాలో పదో వంతు లేదు. భూమి మీదుగా లోపలికి రావడానికి మలేషియా వైపు నుంచి రెండే దారులు. మత్తుమందుల కోసమే 1971 నుంచి ఒక ప్రత్యేక దర్యాప్తు సంస్థ పనిచేస్తోంది. లంచానికి లొంగని పోలీసు వ్యవస్థ ఉంది. వాడకందారుణ్ని పట్టుకుంటే తప్పనిసరిగా చికిత్సకు పంపే కేంద్రాలున్నాయి. మన కొడికొండ చెక్‌పోస్టు మీదుగా పగలూ రాత్రీ పోయే లారీలను ఆ రెండు వంతెనలతో పోల్చే ధైర్యం ఎవరికుంది? అక్కడి నుంచి నేర్చుకోదగినవి ఇన్ని ఉండగా మనవాళ్ల కన్ను ఉరితాడు ఒక్కదాని మీదే పడింది. అది కూడా పూర్తిగా చూడలేదు. 2012లో సింగపూరే తన చట్టం మార్చుకుంది. సరుకు మోయడం తప్ప మరే పాత్రా లేనివాడు దర్యాప్తుకు నిజంగా సాయపడితే ఉరి తప్పించి, యావజ్జీవం, బెత్తం దెబ్బలతో సరిపెట్టే వీలు కల్పించింది. మోసేవాడూ యజమానీ ఒకటి కాదని ఉరి దేశమే ఒప్పుకున్నాక, ఇక్కడి ఉరి భక్తులకు అభ్యంతరమేమిటి?

ఉరికి భయం పుడుతుందా అన్నదాన్ని లెక్కగట్టి చూసినవాళ్లూ ఉన్నారు. ఉరి ఉన్న సింగపూర్‌నూ, ఉరి మానేసిన హాంకాంగ్‌నూ పక్కపక్కన పెట్టి, అమెరికా పరిశోధకుడు ఫ్రాంక్లిన్ జిమ్‌రింగ్, ఆయన సహచరులు మూడున్నర దశాబ్దాల హత్యల లెక్కలు పోల్చారు. 2010లో వెలువడిన ఆ అధ్యయనంలో రెండు నగరాల తీరులో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అది హత్యల గురించే, మత్తుమందుల గురించి కాదు. కానీ ఉరితాడు చూస్తే చాలు నేరగాడి చేయి వణుకుతుందన్న మూల నమ్మకానికి దెబ్బ తగిలిందా లేదా?

సౌదీ సంగతి ఇంకా స్పష్టం. కొంతకాలం ఆపిన మత్తుమందుల మరణశిక్షలను ఆ దేశం 2022 నవంబర్‌లో మళ్లీ మొదలుపెట్టింది. 2024 ఒక్క ఏడాదిలో ఈ నేరాలకే వందమందికి పైగా ప్రాణాలు తీసింది. భయంతో నేరం ఆగే మాటే నిజమైతే చంపాల్సినవాళ్ల సంఖ్య తగ్గాలి కదా, పెరుగుతోందెందుకు? ఇరాన్ దశాబ్దాల పాటు వందల మందిని ఉరితీసి, చివరికి 2017లో మరణశిక్షకు కావలసిన తూకం బాగా పెంచుకుంది. 30 గ్రాముల హెరాయిన్‌కు ఉండిన ఉరిని 2 కిలోలకు జరిపింది. మలేషియా 2023లో తప్పనిసరి ఉరిని ఎత్తేసింది. పాకిస్తాన్ అదే ఏడాది మత్తుమందుల నేరాలకు మరణశిక్షనే తీసేసింది. వియత్నాం 2025లో మత్తుమందుల రవాణాకు మరణశిక్ష రద్దు చేసింది. దుబాయ్ చూసొచ్చినవాళ్లు అక్కడి కాఠిన్యం కథలుగా చెబుతారు. 2021లో యూఏఈ కొత్త చట్టం తెచ్చి, మొదటిసారి వాడి దొరికినవాళ్లకు కనీస శిక్షను రెండేళ్ల నుంచి మూడు నెలలకు తగ్గించిన సంగతి మాత్రం చెప్పరు. ఇరాన్‌లో ఉరులు తర్వాత మళ్లీ పెరిగాయి, నిజమే. అక్కడి మత్తు మాత్రం తగ్గలేదు.

ఉరి కూడా దండగ, ఎన్‌కౌంటరే మందు అనేవాళ్లు ఇంకో గుంపు. వీళ్లకు థాయిలాండ్ చూపిస్తాను. 2003లో అక్కడి ప్రభుత్వం మత్తుమందుల మీద యుద్ధం ప్రకటించింది. మూడు నెలల్లో రెండున్నర వేల మంది చచ్చారు. తర్వాతి ప్రభుత్వం విచారిస్తే వాళ్లలో సగానికి పైగా మనుషులకు ఆ వ్యాపారంతో సంబంధమే లేదని తేలింది. ఇరవై ఏళ్లు తిరక్కముందే, 2022లో, అదే దేశం గంజాయిని నిషేధ జాబితా నుంచి తీసేసింది. సులువుగా తీసేయడంతో చిక్కులొచ్చి 2025లో మళ్లీ ఆంక్షలు పెట్టుకుంది. చచ్చినవాళ్లను ఎవరు తెచ్చిస్తారు? ఫిలిప్పీన్స్‌లో అధికారిక లెక్కల్లోనే ఆరు వేల మంది చచ్చిన ఇలాంటి యుద్ధం నడిపిన మాజీ అధ్యక్షుడు దుతెర్తే 2025 మార్చిలో అరెస్టయి హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం చేతికి చిక్కాడు.

సరే, ఇవేవీ పట్టించుకోకుండా సింగపూర్ చట్టాన్నే దిగుమతి చేసుకుందామనుకుందాం. కుదురుతుందా? తప్పనిసరి మరణశిక్ష రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1983లో మిఠు కేసులో చెప్పేసింది. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 1989లో చొప్పించిన తప్పనిసరి ఉరిని 2011లో బొంబాయి హైకోర్టు అడ్డుకుని, అది జడ్జి విచక్షణకు లోబడిందేనని తేల్చింది. 2014లో పార్లమెంటే చట్టం సవరించి ఆ మాట ఒప్పుకుంది. మనం ఒకసారి వేసుకుని విప్పేసిన చొక్కాను కొత్త చొక్కా అని ఊరూరా అమ్ముతున్నారు. మైకు ముందు ఉరి ఉరి అని అరిచే నాయకుడికి ఈ చరిత్ర తెలియకపోతే అజ్ఞానం, తెలిసీ అరిస్తే మోసం.

అసలు జబ్బు ఎక్కడుందో ఇప్పుడు చూడండి. కేసులు ఊడిపోతున్నది శిక్ష చాలక కాదు, రుజువు నిలవక. ఇంట్లోనో గోడౌన్‌లోనో సరుకుందని సమాచారం వస్తే అధికారి దాన్ని కాగితం మీద పెట్టి 72 గంటల్లో పై అధికారికి పంపాలి. మనిషి ఒంటి మీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ముందో మెజిస్ట్రేట్ ముందో సోదా కోరే హక్కు నీకుందని చెప్పాలి. అరెస్టు, స్వాధీనం వివరాలు 48 గంటల్లో పైకి వెళ్లాలి. శాంపిళ్లు మెజిస్ట్రేట్ సమక్షంలో తీయాలి. 2016లో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది, 2022లో దానికి కొత్త నిబంధనలే వచ్చాయి. శాంపిల్ విషయంలో ఒక్క లోపంతోనే కేసు కూలిపోనక్కర లేదని 2025లో అదే కోర్టు అన్న మాట నిజం. అయినా అనుమానం మిగిలితే లాభం ముద్దాయికే పోతుంది.

ఒక్క తూకం సంగతే తీసుకోండి. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్కకు పూత, కాయ ఉన్న కొనలు. ఆ కొనలతో కలవని ఆకు, గింజ గంజాయి కిందికి రావు. అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద హడావుడిగా బస్తా తూచి, ఆకూ కాడా కొనా ఏమిటో రాయకుండా 22 కిలోలు అని పంచనామా రాస్తే, కోర్టులో డిఫెన్సు ప్లీడరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? ఇందులో కొనలెన్ని కిలోలు? రెండున్నర కిలోలు తగ్గిందంటే కనీసం పదేళ్ల శిక్ష కాస్తా ఎగిరిపోతుంది. మధ్యవర్తిగా సంతకం పెట్టిన వీఆర్వో నాలుగేళ్ల తర్వాత బోనెక్కి, ఆ రోజు నాకు సరిగా గుర్తు లేదంటాడు. సీలు మీద ఎవరి ముద్ర ఉందో, సరుకు ఏ గదిలో ఎన్నాళ్లుందో, శాంపిల్ ల్యాబుకు ఎవరు తీసుకుపోయారో చెప్పే రిజిస్టరు దొరకదు. ఈ కేసుకు శిక్ష పదేళ్లైతే ఏమిటి, ఉరైతే ఏమిటి?

ఇక్కడే ఉరి వాదులకు తెలియని అసలు సూత్రం ఉంది. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పిందేమిటి? శిక్ష ఎంత కఠినమైతే, నిందితుడి రక్షణకు పెట్టిన నియమాలను అంత కఠినంగా పాటించాలి. అంటే శిక్ష పెంచిన ప్రతిసారీ రుజువు బరువూ పెరుగుతుంది. ఇప్పటి బరువే మోయలేని దర్యాప్తు నెత్తిన ఉరి బరువు కూడా పెడితే లాభం ఎవరికి? మంచి ప్లీడర్ని పెట్టుకోగల యజమానికి. ఉరి కావాలని అరిచేవాళ్లు తెలియక మేలు చేస్తున్నది అతనికే.

ఆ యజమాని మన నడిదారిలో ఎందుకు దొరకడో కూడా చట్టంలోనే ఉంది. పట్టుబడ్డ కూలీ ఫలానావాడు పంపాడని చెబితే ఆ మాట ఒక్కటే చాలదు. ఈ చట్టం కింద అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఫోన్ రికార్డులు, బ్యాంకు ఖాతాలు, లాడ్జి రిజిస్టర్లు, బండి యజమాని కాగితాలు ఒక్కొక్కటీ ముడివేయాలి. అందుకు ఆయుధాలు లేవా? కుట్రకు 29వ సెక్షన్ ఉంది. పెట్టుబడి పెట్టినవాడికి పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు వేసే 27ఎ ఉంది. గంజాయి డబ్బుతో కొన్న ఇల్లు, పొలం జప్తు చేయడానికి ఒక అధ్యాయానికి అధ్యాయమే ఉంది. నిజం పూర్తిగా చెప్పిన చిన్నవాణ్ని వదిలి పెద్దవాణ్ని పట్టుకోవడానికి 64వ సెక్షన్ ఉంది. రాష్ట్రం 2024 నవంబర్‌లో 'ఈగల్' పేరుతో ప్రత్యేక విభాగం పెట్టింది, మంచిదే. దాన్ని ఎన్ని బస్తాలు పట్టారని కాదు, ఎన్ని ఖాతాలు స్తంభింపజేశారని అడగాలి. పేపర్లో ఫొటో ఎప్పుడూ బస్తాలదే పడుతుంది. బస్తాల వెనక గుడ్డ కప్పుకుని నిలబడే ఇద్దరు కూలీలను చూసి మనం చప్పట్లు కొడుతున్నాం. వాళ్ల స్థానంలో వచ్చే వారం ఇంకో ఇద్దరు ఎక్కుతారని తెలియదా?

దీనికి ఎదురు కొస పట్టుకున్నవాళ్లూ తయారయ్యారు. పోర్చుగల్‌లో అంతా చట్టబద్ధం చేశారు, ఇక్కడా చేసేయండి అంటారు. ఇది కూడా సగం చదువే. 2001 జులై నుంచి పోర్చుగల్ నేరం కాకుండా చేసింది పది రోజుల సొంత వాడకానికి మించని మత్తుమందు దగ్గర పెట్టుకోవడం మాత్రమే. రవాణా చేసినవాడికి అక్కడ ఇవాళ్టికీ నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల జైలుంది. వాడేవాణ్ని డాక్టరు, సామాజిక కార్యకర్త ఉన్న కమిషన్ ముందుకు పంపి, చికిత్సకు డబ్బు ఖర్చు పెట్టింది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2020లో అదే బాట పట్టి, చికిత్స సకాలంలో అందించలేక 2024లో వెనక్కి తిరిగింది. ఆస్పత్రి కట్టకుండా జైలు తలుపు మాత్రం తెరిస్తే ఫలితం అదే.

వాడేవాడికి దారి చూపడం మన చట్టమూ మరచిపోలేదు. చిన్న మొత్తంతో దొరికిన, మత్తుకు బానిసైన మనిషి తానే ముందుకొచ్చి గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చికిత్స తీసుకుంటే 64ఎ సెక్షన్ కింద అతని మీద కేసు నడవదు. శిక్షకు బదులు చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. హిందూపురంలో, ధర్మవరంలో ఎంతమంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలుసు? ఉరి, ఉరి అన్న అరుపులు విని, కొడుకు అలవాటు బయటపడితే జైలే గతి అనుకుని, ఇంట్లో దాచిపెట్టి ఏడుస్తున్న తల్లులకు ఎవరు జవాబు చెబుతారు? చికిత్స సలహాకు జాతీయ సహాయ నంబరు 14446. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి రాష్ట్రంలో 1972. ఉరి మీద ఉపన్యాసాలు చెప్పినంత శ్రద్ధగా ఈ రెండు నంబర్లు ప్రతి కాలేజీ గోడ మీద రాయించి ఉంటే ఈపాటికి ఎంతోమంది బాగుపడేవారు.

కాబట్టి ఇకమీదట ఎవరైనా సింగపూర్ మాట ఎత్తితే వాదన పెట్టుకోకండి. పుట్టపర్తిలోని జిల్లా ఎస్పీ కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాయమనండి. గత అయిదేళ్లలో ఈ జిల్లాలో ఎన్ని ఎన్‌డీపీఎస్ కేసులు పెట్టారు, ఎన్నిటిలో శిక్ష పడింది, ఎన్ని కొట్టేశారు, ఎన్ని కేసుల్లో మోసినవాడు కాక పంపినవాడు ముద్దాయి అయ్యాడు, ఎవరి ఆస్తి ఎంత జప్తు చేశారు? ఈ అయిదు ప్రశ్నలు అడగమనండి. జవాబు ముప్పై రోజుల్లో ఇవ్వాలని చట్టం. రుసుము పది రూపాయలు.